చామనఛాయ, నల్ల పెదవులు, గడ్డం నీడ: ఆఫీసుకి ఏ లిప్‌స్టిక్ వేసుకోవాలి?

కృష్ణలంక మల్లి

అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. నేను ట్రాన్స్ ఉమన్‌ని. విజయవాడ, ముప్పై దాటాయి, హార్మోన్లు వాడుతున్నాను. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి చుడీదార్ వేసుకుని ఆఫీసుకి వెళ్ళబోతున్నాను. మేనేజర్ గారికి చెప్పేశాను. ఆయన కాసేపు పెన్ను తిప్పి, “సరేనమ్మా, జీఎస్టీ రిటర్న్స్ మాత్రం లేటవ్వకూడదు” అన్నారు. అంతవరకూ బాగానే ఉంది.

బాగోనిది నా మొహమే. లేత పింక్ లిప్‌స్టిక్ వేస్తే జ్వరం పడి లేచినదానిలా ఉంటున్నాను. ఎరుపు వేస్తే మూతి తప్ప ఇంకేం కనపడదు, దాని చుట్టూ గడ్డం నీడ ఇంకా తేలిపోతోంది. పొద్దున్నే షేవ్ చేసుకున్నా పదకొండింటికల్లా బుగ్గల కింద పచ్చగా వచ్చేస్తుంది. నాది చామనఛాయ. పై పెదవి నలుపు, కింది పెదవి మధ్యలో కొంచెం గులాబీ. బీసెంట్ రోడ్డులో షాపుకి వెళ్తే కౌంటర్లో అమ్మాయి “ఎవరికి సార్? మేడమ్‌ గారు ఏం కలరు?” అంది. నాకే అని చెప్పడానికి నోరు రాలేదు.

ఖరీదైనవి వద్దు. రోజూ వేసుకునేవి చెప్పండి. యూట్యూబ్‌లో ఒక్కొక్కరూ టేబుల్ నిండా సామాన్లు పరుస్తున్నారు, నాకు ఎనిమిదింటికి బస్సు.

రంగులపెట్టె

మల్లి గారూ, రండి. నేను రాజమండ్రిలో పార్లర్ నడుపుతాను. ట్రాన్స్ కాదు, కానీ మా దగ్గరకి వస్తుంటారు కాబట్టి తెలిసింది చెబుతాను.

మీ పింక్‌తో వచ్చిన చిక్కల్లా అందులో తెల్లరంగు ఎక్కువ. తెలుపు కలిసిన రంగేదైనా, లేత పింక్ గానీ పీచ్ గానీ కంపెనీలవాళ్ళు న్యూడ్ అని అమ్మే బిస్కెట్ రంగు గానీ, మన ఛాయ మీద పాలిపోతుంది. న్యూడ్ అంటే పెదవి సొంత రంగుకి దగ్గరది, కాబట్టి ఎవరి పెదవికి వాళ్ళ న్యూడ్ ఉంటుంది. మీ కింది పెదవి లోపలి వైపు రంగు చూసుకోండి. అంతకంటే ఒకటి రెండు మెట్లు ముదురుది తీసుకుంటే ఆఫీసుకి సరిపోతుంది. మీకు అది ఇటుక రంగు కలిసిన బ్రౌనో, కారామెల్లో, ముదురు రోజో అవుతుంది.

ఇక అండర్‌టోన్, అంటే చర్మం రంగు అడుగున కనపడే ఛాయ. మణికట్టు మీద నరాలు ఆకుపచ్చగా ఉంటే వార్మ్ (పసుపు వైపు ఛాయ), నీలంగా ఉంటే కూల్ (గులాబీ వైపు ఛాయ) అని ఎక్కడ చూసినా రాస్తారు. ముదురు ఛాయలో ఆ నరాలే సరిగ్గా కనపడవు, కనపడినా చాలామందికి పచ్చగానే ఉంటాయి. దాన్ని నేను నమ్మను. పార్లర్‌లో ఏం చేస్తానంటే, మొహం కడిగించి, ట్యూబ్‌లైట్ ఆపేసి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, మెడ దగ్గర ఒకసారి మామిడిపండు రంగు చున్నీ, ఇంకోసారి రాణీ పింక్ చున్నీ వేసి చూస్తాను. ఏది వేసినప్పుడు కళ్ళ కింద నలుపు తగ్గినట్టు అనిపిస్తే అటు వెళ్ళడమే. మామిడిపండు వైపైతే ఇటుక ఎరుపు, టెర్రకోటా, నారింజ పాలున్న ఎరుపులు. రాణీ పింక్ వైపైతే వైన్, ప్లమ్, నేరేడు రంగు, నీలం పాలున్న ఎరుపులు. రెండూ నప్పితే న్యూట్రల్, అంతకంటే అదృష్టం లేదు.

రాత్రి ట్యూబ్‌లైట్ కింద మాత్రం ఏదీ నిర్ణయించుకోకండి. షాపులో తెల్ల లైట్ల కింద కూడా.

సుల్తాన్‌బజార్ సోనీ

మల్లక్కా, షాపుల గట్ల అడిగితే పరేషాన్ గాకు. నేనైతే ఇప్పుడు “నాకే, ఏమన్న డౌటా?” అంట నవ్వుకుంట. అడిగినోళ్ళే సిగ్గుపడి ఇంకో నాలుగు షేడ్లు తీసి చూపిస్తరు. అంత ధైర్యం లేని రోజు ఆన్‌లైన్ల ఆర్డర్ పెట్టు, గని షేడ్ కార్డు ఫోన్ల ఒకటి తీరు, ఇంటికొచ్చినంక ఇంకో తీరు ఉంటది.

టెస్టర్ ఉంటది గద, దాన్ని పెదవికి పెట్టకు. ఎంతమంది పెట్టిన్రో ఎవలకెరుక. చెయ్యి మీద గూడ వద్దు, అక్కడ మన రంగు వేరే ఉంటది. వేలి కొసకు రాసుకో, వేలి కొస జర పెదవి రంగుకు దగ్గరుంటది. రాసుకొని షాపు బయట ఎండల నిలబడి చూడు.

మాకు హైదరాబాద్‌ల బేగంబజార్‌ల హోల్‌సేల్ దొరుకుతది, సస్త. నకిలీలు గూడ గాడనే దొరుకుతయి. పేరుల ఒక్క అక్షరం మార్చి అసలుదాని పక్కనే పెడ్తరు. డబ్బా మీద లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ లేకుంటే ముట్టకు. పెదవికి పూసింది సగం కడుపులకే పోతది.

తెనాలి తాతయ్య

మల్లీ, గడ్డం సంగతి నాకు వదిలెయ్యమ్మా. నేను పద్యనాటకాలకి మేకప్ చేసేవాణ్ణి. ఆడవేషాలు కట్టే మగవాళ్ళ గడ్డాలు కప్పడమే చాలా ఏళ్ళు నా కూడు. స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది, ఆయన పేరు తెచ్చుకున్నదంతా స్త్రీ పాత్రలతోనే. ఆ తరం తర్వాత కూడా మా వైపు నాటక సమాజాల్లో ఆ పద్ధతి కొన్నాళ్ళు నడిచింది. వాళ్ళది వేషం, మీది వేషం కాదు, ఆ తేడా నాకు తెలుసు. గడ్డానికి తెలీదు కదా.

గడ్డం నీడ నల్లగా ఉంటుందనుకుంటారు అందరూ. అద్దంలో దగ్గరగా చూడు, అది నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు. దానిమీద ఒంటిరంగు ఫౌండేషన్ ఎంత మందంగా పట్టించినా పైకి బూడిద రంగే తేలుతుంది. మధ్యలో నారింజ పడాలి. నారింజ నీలాన్ని చంపుతుంది. పసిమి ఛాయ వాళ్ళకి పీచ్ చాలు, చామనఛాయకి నారింజ, బాగా ముదురు ఛాయకి ఎరుపు వైపున్న నారింజ. మా రోజుల్లో కరెక్టర్లూ గిరెక్టర్లూ ఎక్కడివి, నారింజ ఎరుపు లిప్‌స్టిక్‌నే వేలితో గీరి గడ్డం మీద అద్దేవాళ్ళం. ఇప్పటికీ పనిచేస్తుంది. నువ్వు పనికిరాదని పక్కన పడేసిన ఎర్ర లిప్‌స్టిక్ నారింజ వైపుదైతే పారెయ్యకు.

ఇంకో మాట. పాతకాలంలో మొహానికి అర్దళం అనే పసుపురంగు రాయి నూరి పూసేవాళ్ళు. ఎవరైనా అది సహజం, మంచిది అని చెబితే పారిపో. అందులో ఆర్సెనిక్ అనే విషం ఉంటుంది.

కృష్ణలంక మల్లి

తాతయ్య గారూ, దండాలు. ఆదివారం ప్రయత్నించాను. నారింజ వేసి పైన ఫౌండేషన్ రుద్దితే అంతా కలిసిపోయి గడ్డమంతా క్యారెట్ రంగులోకి వచ్చింది 🙈 అమ్మ చూసి “పసుపు ఎక్కువైందా?” అంది.

తెనాలి తాతయ్య

రుద్దావు కదా, అందుకే. ఇలా చెయ్యి. గోరువెచ్చని నీళ్ళతో మొహం కడిగి, కొత్త బ్లేడుతో దగ్గరగా షేవ్. మాయిశ్చరైజర్ రాసి ఇంకేదాకా ఆగు, ఆ టైములో టిఫిన్ చేసెయ్. నారింజ నీడ ఉన్న చోటే పెట్టాలి: పై పెదవికి పైన మీసం చోట, గడ్డం మీద, దవడ కింద. బుగ్గల పైకి పోనివ్వకు. వేలితో అద్దు, పల్చగా, కింద చర్మం కనపడేంత పల్చగా. దాని మీద పౌడర్ పఫ్‌తో నొక్కు. ఈ పౌడర్ మెట్టు అందరూ మానేస్తారు, క్యారెట్ వచ్చేది అందుకే. ఆ తర్వాత ఫౌండేషన్‌ని తడి స్పాంజితో తట్టు. తట్టడమే, లాగకూడదు. మళ్ళీ పౌడర్. నాటకానికైతే క్రయొలాన్ కంపెనీ మేకప్ స్టిక్ వాడేవాళ్ళం, కప్పడంలో దానికి తిరుగులేదు గానీ ఎనిమిది గంటలు ఆఫీసులో కూర్చోడానికి బరువు. నీకు మామూలు ఫౌండేషన్ చాలు.

బీచ్‌రోడ్డు సిరి

వైజాగ్ నుంచి. నేనూ ట్రాన్సే, ఫార్మసీ చేశాను. పై నుంచి ఎంత కప్పినా చర్మం సంగతి కూడా చూసుకోవాలి కాబట్టి రెండు ముక్కలు.

మనం వాడే ఆడ హార్మోను ఈస్ట్రోజెన్‌తో గడ్డం పోదు. పెరగడం నెమ్మదిస్తుందేమో గానీ ఒకసారి ముదిరిన వెంట్రుక ఉండిపోతుంది. పోవాలంటే లేజరో, ఒక్కో వెంట్రుక వేరుకీ సూదితో కరెంటు పెట్టే ఎలక్ట్రాలిసిసో. లేజర్ నల్ల వెంట్రుక మీదే పనిచేస్తుంది, నెరిసిన వాటికి ఎలక్ట్రాలిసిస్ ఒక్కటే దారి. మన రంగు చర్మానికి ఎన్‌డీ యాగ్, అంటే 1064 నానోమీటర్ల లేజర్ అయితే కాలే ప్రమాదం తక్కువ. క్లినిక్‌లో ఏ మెషీనో అడగండి, అడిగితే చెప్పనివాళ్ళ దగ్గర చేయించుకోకండి. లేజర్ మొదలుపెట్టే ముందు నాలుగు వారాలు చిమటాతో పీకడం, థ్రెడింగ్, వాక్సింగ్ ఆపేయాలి, వేరు లోపల ఉంటేనే లేజర్‌కి పని. షేవింగ్‌కి అభ్యంతరం లేదు. మనవాళ్ళలో చిమటా అలవాటు బాగా ఎక్కువ. ముదురు చర్మంలో పీకిన చోటల్లా నల్లమచ్చ మిగులుతుంది, వెంట్రుక లోపలికి మెలితిరిగి పుండవుతుంది. ఆ మచ్చని కప్పడానికి మళ్ళీ కన్సీలర్.

రెండోది, హార్మోన్లు వాడేకొద్దీ చర్మంలో జిడ్డు తగ్గుతుంది. పెదవులు కూడా పొడిబారుతున్నాయి అంటుంటారు చాలామంది. ఆయిల్ కంట్రోల్, మ్యాట్ (మెరుపు లేనిది) అని కొన్న సామానంతా మెల్లగా పడదు, చారలు కడుతుంది. మల్లి గారూ, మ్యాట్ లిప్‌స్టిక్ మీద ఎక్కువ డబ్బు పెట్టకండి. క్రీమ్‌ది, కొద్దిగా మెరిసే సాటిన్‌ది చూడండి.

అజ్ఞాత సభ్యుడు

[ఈ వ్యాఖ్యను మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్

సలహా ఉంటే రాయండి, లేకపోతే వేరే చర్చలు బోలెడున్నాయి. ఆ ఖాతాని ఆపేశాం. మల్లి గారూ, కొనసాగించండి.

లష్కర్ అమ్మ

చదువుతున్న పొద్దటి సంది. అందరు మల్లికి చెప్తున్నది ఒక్కటే, కనపడకుండ ఉండు, నెమ్మదిగ ఉండు, బ్రౌన్ వేసుకో. ఎందుకు బిడ్డా? నేను లష్కర్ బోనాలకు పోతే రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు, నిండ ఎర్ర లిప్‌స్టిక్. దూరంకెళ్లే తెలుస్తది అమ్మ వస్తున్నదని. 2014ల సుప్రీంకోర్టు గూడ చెప్పింది, ఎవలు ఏందో వాళ్ళే చెప్పుకోవాలె అని. ఇగ లిప్‌స్టిక్ రంగు ఆఫీసోళ్ళను అడగాల్నా?

బీచ్‌రోడ్డు సిరి

అమ్మా, మీ ఎరుపుకి ఎవరం అడ్డు చెప్పం. కానీ మల్లి గారు ఎనిమిదింటి బస్సెక్కాలి, మీ చుట్టూ పండక్కి ఉన్నట్టు ఆమె చుట్టూ మనుషులుండరు. సిటీ బస్సులో నలుగురూ తిరిగి చూడకుండా కూర్చోవడం కొందరికి భయం కాదు, విశ్రాంతి. నాకైతే అంతే. అందంగా ఉండాలనీ ఉంటుంది, ఎవరూ పట్టించుకోకుండా ఉండాలనీ ఉంటుంది, రెండూ ఒకే రోజున.

లష్కర్ అమ్మ

అది గూడ నిజమే. నేను బస్సులల్ల మస్తు తిరిగిన, నాకెరుకనే. అయినా ఎరుపు వద్దని ఆ పిల్లతోని అనకుండ్రి. ఏ ఎరుపో చెప్పుండ్రి.

రంగులపెట్టె

అమ్మ మాట నాకు నచ్చింది. ఎరుపు మానక్కర్లేదు. మల్లి గారికి మూతి ఒక్కటే కనపడటానికి కారణం మిగతా మొహంలో ఏమీ లేకపోవడం. ముందు గడ్డం నీడ పోవాలి, కళ్ళకి కాటుక, కనుబొమలకి కొంచెం పెన్సిల్ పడాలి. అప్పుడు అదే ఎరుపు కూర్చుంటుంది. నీలం పాలున్న ఎరుపు వేస్తే పళ్ళు తెల్లగా కనపడతాయి, మ్యాక్ కంపెనీ వాళ్ళ రూబీ వూ అనే షేడ్ అలాంటిదే. నారింజ వైపు ఎరుపు వేస్తే పళ్ళలో పసుపు బయటపడుతుంది, టీ కాఫీలు ఎక్కువ తాగేవాళ్ళు గమనించండి. మీరు వార్మ్ అయితే ఇటుక ఎరుపు, అదే మ్యాక్‌లో చిల్లీ లాంటిది. ఆ రేటు పెట్టక్కర్లేదు, రంగు ఏమిటో తెలియడానికి పేరు చెప్పాను. ఆ రంగులు చవక బ్రాండ్లలో కూడా ఉన్నాయి.

కనుబొమలు సన్నగా తీయించెయ్యకండి. నుదుటి ఎముక కొంచెం ముందుకుంటే సన్నబొమలు దాన్ని ఇంకా చూపిస్తాయి. కింది వరస మాత్రం శుభ్రం చేయించి, తోక కొద్దిగా పైకి ఉంచమనండి. పార్లర్‌లో “షేప్ వద్దు, కింద క్లీనింగ్ చాలు” అంటే అర్థమవుతుంది.

కృష్ణలంక మల్లి

చున్నీ పరీక్ష చేశాను. మామిడిపండు రంగుది చెల్లెలి దగ్గర ఉంది, రాణీ పింక్‌ది అమ్మ పాత జాకెట్టు ముక్క. చెల్లెలు కిటికీ దగ్గర నిలబెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, పెళ్ళిచూపులంత హడావుడి చేసింది. మామిడిపండే.

తర్వాత ఇద్దరం కలిసే షాపుకి వెళ్ళాం. వేలి కొసలకి మూడు రంగులు రాసుకుని బయటికి వచ్చి చూస్తే, లోపల చాక్లెట్‌లా ఉన్నది ఎండలో వంకాయ రంగు! అది వదిలేశాం. ఒక ఇటుక బ్రౌన్, ఒక ఇటుక ఎరుపు తీసుకున్నాను, రెండూ క్రీమ్‌వే.

ఇంటికొచ్చి కింది పెదవి సగానికి ఒకటి, సగానికి ఇంకోటి వేసి చూశాను. బ్రౌన్ వేసిన సగంలో మొహం నెమ్మదిగా ఉంది. ఎరుపు వేసిన సగంలో కళ్ళు బాగున్నాయి. కళ్ళకి నేనేమీ పెట్టలేదు! చెల్లెలు కూడా అదే అంది. పై పెదవి మాత్రం కుదరడం లేదు. అదే లిప్‌స్టిక్ పైన నల్లగా, కింద ఎర్రగా వస్తోంది.

బీచ్‌రోడ్డు సిరి

మల్లి గారూ 👏 పై పెదవికి లైనర్, అంటే పెదవికి గీసే రంగు పెన్సిల్, మార్గం. లిప్‌స్టిక్ రంగుకి దగ్గరగా ఉన్న లైనర్‌తో అంచు ఒక్కటే గీయకుండా పెదవంతా నింపేయండి, పైనా కిందా. రెండు పెదవులూ ఒకే రంగు నేల మీదకి వస్తాయి, దాని మీద లిప్‌స్టిక్ ఒక్క పూత చాలు. లైనర్ లేకపోతే ఫౌండేషన్ స్పాంజికి మిగిలినదాన్ని పై పెదవి మీద ఒకసారి తట్టండి, ఎక్కువైతే పెదవి పగుళ్ళలో తెల్లగా చేరుతుంది.

మనలో చాలామందికి ముక్కుకీ పై పెదవికీ మధ్య దూరం ఎక్కువ, పై పెదవి సన్నం. లైనర్‌ని మధ్యలో రెండు శిఖరాల దగ్గర మాత్రం అసలు గీతకి కొంచెం పైన గీయండి. గీత మందమంతే. మూలల దగ్గర అసలు గీత దాటకూడదు, దాటితే జోకర్ మూతి వస్తుంది. ఆ శిఖరాల దగ్గర పెరిగిన గడ్డం నీడ ఉంటే ముందు అక్కడ నారింజ పడాలి, లేకపోతే లైనర్ మురికిగా కనపడుతుంది.

సుల్తాన్‌బజార్ సోనీ

లంచ్ సంగతి ఎవలు చెప్పలే! పులుసు, పచ్చడి నూనె తగిలిందంటే క్రీమ్ లిప్‌స్టిక్ అంత పోతది, లైనర్ ఒక్కటి మిగిలి అంచుకు గీత లెక్క కనపడ్తది. గందుకే సిరి చెప్పినట్టు లోపలంత నింపు, అప్పుడు పోయినా ఒక్కతీరుగ పోతది. టిష్యూ పెదవుల నడుమ పెట్టి ఒత్తు, మల్ల పూయి. నీళ్ళు స్ట్రా పెట్టి తాగేటోళ్ళను చూసి నవ్వేదాన్ని, ఇప్పుడు నా బ్యాగుల గూడ స్ట్రా ఉంటది.

బెజవాడ ఎండలకు చెమట వస్తే తుడవకు. కర్చీఫ్‌తోని రుద్దితే నారింజ బయటకొస్తది. టిష్యూ అద్దు, వదిలెయ్యి.

రంగులపెట్టె

స్టిక్కర్ బొట్టు గురించి కూడా ఒక మాట, ఇది ట్రాన్స్ అయినా కాకపోయినా అందరికీ. రోజూ ఒకే చోట పెట్టి, రాత్రి కూడా తీయకుండా పడుకునేవాళ్ళు ఉన్నారు. కొన్ని స్టిక్కర్ల జిగురులో ఉండే రసాయనం వల్ల ఆ చోట దురద, తర్వాత తెల్లమచ్చ వస్తుంది. దురద మొదలవగానే ఆపేయండి, తిలకానికో కుంకుమకో మారండి. ఆ మచ్చ మళ్ళీ రంగు తిరగడం కష్టం.

కృష్ణలంక మల్లి

ఒకటో తారీఖు అయిపోయింది. బ్రౌన్ వేసుకునే వెళ్ళాను, ఎరుపు బ్యాగులో పెట్టుకున్నాను. మొదట్లో ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది. లంచ్‌లో పక్క సెక్షన్ పద్మ గారు మాత్రం “ఆ షేడ్ ఏంటి, నా రంగుకి వస్తుందా?” అని అడిగారు. ఆవిడది రాణీ పింక్ వైపు అనుకుంటున్నాను, అదే చెప్పాను. నాలుగింటికల్లా దవడ కింద పచ్చదనం కొంచెం తేలింది. లేజర్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, మెషీన్ ఏంటని కూడా అడిగాను సిరి గారూ, చెప్పారు. ఎరుపు శుక్రవారం.

లష్కర్ అమ్మ

శుక్రవారం ఫొటో పెట్టు బిడ్డా. మొకం కనపడకపోయినా మంచిదే, మూతి వరకు తీసి పెట్టు.

హాస్టల్ కిటికీ

ఇదంతా చదివాక అడగాలనిపించింది. నాకు ఇరవై. ఇంట్లో తెలీదు, హాస్టల్లో ముగ్గురు అబ్బాయిలతో రూము. లిప్‌స్టిక్ దాచుకునే వీలు లేదు. ఏదైనా చేయొచ్చా?

బీచ్‌రోడ్డు సిరి

చేయొచ్చు చెల్లీ. రంగున్న లిప్ బామ్ తీసుకో, బెర్రీదో చెర్రీదో. చలికాలంలో అబ్బాయిలందరి దగ్గరా లిప్ బామ్ ఉంటుంది, ఎవరూ అడగరు. ముదురు పెదవి మీద అది పెదవి సొంత రంగులాగే ఉంటుంది, నీకు మాత్రం తేడా తెలుస్తుంది. కనుబొమలకి రంగులేని జెల్ గానీ వేలికి కొంచెం వ్యాజిలీన్ గానీ. సన్‌స్క్రీన్ రోజూ రాయి, తర్వాత లేజర్‌కి వెళ్ళినా పనికొస్తుంది. చిమటా జోలికి పోకు.

ఎప్పుడైనా ఒంటరిగా ఉన్నప్పుడు లిప్‌స్టిక్ వేసి చూసుకుంటే, తీయడానికి సబ్బు వాడకు, పెదవి మంట పుట్టి ఎర్రగా ఉండిపోతుంది. కొబ్బరినూనె దూదికి రాసి అరనిమిషం పెదవి మీద ఉంచి తుడువు. లిక్విడ్ మ్యాట్ అయితే రెండుసార్లు. కాటుక మాత్రం రాత్రి పూట వద్దు. ఎంత కడిగినా కంటి అంచున పొద్దున దాకా ఉంటుంది, రూములో వాళ్ళు ముందు చూసేది అదే.